నాలుగో నిబంధన

చెన్నై,
12 జూన్ 2023.

మావయ్యకు, అత్తకు వందనాలు.

ఫోన్ చేస్తే అత్త ఎత్తుతుంది. నేను చెప్పింది మీ చెవిలో అరుస్తుంది, మీరు చెప్పింది మళ్లీ నాకు చెబుతుంది. ఈలోగా నా మాట సగం జారిపోతుంది. అందుకని ఈసారి ఉత్తరమే రాస్తున్నాను. "మా బావ చెవులు కంప్రెసర్ హౌసుకి దానం ఇచ్చేసేడు" అని, చుట్టరికం లేకపోయినా మిమ్మల్ని వరస కలిపి పిలిచే నాన్న నవ్వేవాడు. మీరిద్దరూ పనిచేసిన కంపెనీలో తెలుగు బోర్డులన్నీ మీరే రాశారని కూడా గొప్పగా చెప్పేవాడు.

అమ్మకి ఆయాసం తగ్గలేదు. పక్కన తమ్ముడు ఐజాక్ ఉన్నాడు కాబట్టి నాకు కొంత ధైర్యం. మీ ఇంటికి రెండు వీధులే కదా, అప్పుడప్పుడు వెళ్లి తమ్ముడికి ఒక మాట చెప్పి రండి.

ఇక అసలు పని. నా పరిశోధన ఏమిటో మీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. ఒక పని ఎలా జరగాలో రెండు రకాలుగా చెప్పొచ్చు. మొదట ఇది, తర్వాత అది అని వరుసపెట్టి చెప్పడం ఒకటి. వరుస జోలికి పోకుండా కట్టుబాట్లు మాత్రం చెప్పడం ఇంకొకటి. ఇది జరిగితే అది జరిగి తీరాలి. ఇది జరగకుండా అది జరగకూడదు. ఈ రెండూ ఒకచోట ఉండకూడదు. ఈ గీతలు దాటనంతవరకు మనిషి తనకి వీలైనట్టు పని చేసుకోవచ్చు. దీన్ని డిక్లరేటివ్ మోడల్ అంటారు. కంప్యూటర్ ఆ కట్టుబాట్లను లెక్కల గుర్తుల్లో రాసుకుంటుంది. వాటిని పనివాళ్లకి తెలిసే తెలుగులో వివరించడం, ఆ వివరణ నిజంగా పనికొస్తోందా అని తేల్చడం నా వంతు.

ట్యాంకులోకి మనిషి దిగే పని తీసుకుని తొమ్మిది నిబంధనలు రాశాను. కాగితం జతచేశాను. ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వెయ్యండి. తప్పులుంటే మొహమాటం లేకుండా రాయండి.

ఆ పనే ఎందుకు ఎంచుకున్నావని మీరు అడగరు. నాన్న అలాంటి ట్యాంకులోనే పోయాడు. నిబంధన మీరి దిగాడని కంపెనీ విచారణలో రాశారు. పదకొండేళ్లుగా మా ఇంట్లో ఆ ఒక్క వాక్యం గురించి ఎవరూ సూటిగా మాట్లాడరు. నాన్నలాగా ఇంకెవరూ దిగకూడదని నా పట్టుదల.

మీ దీనా

*

కూర్మన్నపాలెం,
24 జూన్ 2023.

దీనమ్మకి మీ మావయ్య శ్రీరామ్మూర్తి రాసింది.

తల్లీ, నీ ఉత్తరం వచ్చింది. మీ అత్తకి సదివి వినిపించేను. "ఇంత సదువు సదివి మళ్లీ నీ దగ్గరకే వచ్చిందేటి" అని నవ్వింది. నాను మాటాడినట్టే రాస్తాను, నువ్వే సరిజేసుకోవాల.

రెండో నిబంధన సూసేను. "మనిషి దిగితే, తర్వాత ఎప్పుడో ఒకప్పుడు పైకి వచ్చినట్టు పుస్తకంలో రాయాలి" అన్నావు. ఎప్పుడో ఒకప్పుడేటి తల్లీ? వచ్చే ఏడాది రాసినా నీ రూలు తీరిపోద్ది. లోపల మనిసున్నాడో లేడో తెలియాలంటే షిఫ్టు దిగేలోపల రాయాల. దీనికి రెండు మార్కులు.

మూడోది, "ఒకే పర్మిట్ మీద వెల్డింగూ పెయింటింగూ ఉండకూడదు" అన్నావు. ఇది సదివినోడు రెండూ ఒకేసారి సెయ్యకూడదు అనుకుంటాడు. పొద్దున్న రంగేసి, మజ్జాన్నం అదే కాయితం మీద వెల్డింగు మొదలెడతాడు. "ఒకటి జరిగితే ఆ కాయితం మీద రెండోది ఇంక ఎప్పుడూ కుదరదు" అని రాయి. దీనికి మూడు.

మిగతావి కాయితం మీదే వేసేను. ఆరోది బాగుంది.

మొన్న ఆదివారం మీ అమ్మని సూసొచ్చేను. సన్నబడింది. నాకు వినపడదని పలక మీద రాసి సూపిస్తంది. "టీ తాగండి అన్నయ్యా" అని రాసింది. తాగేను.

ఉంటాను.
శ్రీరామ్మూర్తి

*

చెన్నై,
9 జూలై 2023.

మావయ్యా,

మీ మార్కులు చూసి మా గైడ్ గారు అరగంట సేపు మాట్లాడారు. "ఎప్పుడో ఒకప్పుడు" అన్నది మా శాస్త్రంలో గొప్ప మాట. పని చేసేచోట దానికి విలువ లేదని మీరు రెండు లైన్లలో తేల్చేశారు.

ఒక్క సందేహం. నాలుగో నిబంధన దగ్గర మీరు మార్కు వెయ్యలేదు, ఏమీ రాయలేదు. "గ్యాస్ పరీక్ష చేయకుండా ట్యాంకులోకి దిగకూడదు." గాజువాక, ఆటోనగర్‌లలో ఇరవై రెండు మంది పనివాళ్లకి ఇవే తొమ్మిదీ ఫోన్లో పంపి చూశాను. అన్నిటికంటే ఎక్కువ మార్కులు నాలుగోదానికే వచ్చాయి. చిన్నగా ఉంది, వినగానే తెలుస్తోంది అని అందరూ అన్నారు. మీరొక్కరే ఖాళీ వదిలారు. మర్చిపోయారా?

అమ్మని చూసి వచ్చినందుకు నాకు ఎంత నిశ్చింతగా ఉందో. మీరు వెళ్లిన రోజు ఒక ముద్ద ఎక్కువ తింటుందని ఐజాక్ చెప్పాడు.

దీనా

*

కూర్మన్నపాలెం,
2 ఆగస్టు 2023.

దీనమ్మకి,

జవాబు ఆలిస్యమైంది. మర్చిపోలేదు. ఆ వాక్యం మంచిది కాదు.

ఎందుకు కాదో సెప్తాను. సింహాచలంలో టిక్కెట్టు లేకుండా దర్శనం లైనులోకి రాకూడదు అని బోర్డు ఉందనుకో. ఒకడు టిక్కెట్టు కొన్నాడు, ఎల్లేడు, దణ్ణం పెట్టుకున్నాడు, బయటికొచ్చేడు. మళ్లీ లైనులో దూరేడు. "టిక్కెట్టేదిరా" అంటే "ఇందాక కొన్నాను గదా" అంటాడు. బోర్డు ప్రకారం వాడు తప్పు సెయ్యలేదు. టిక్కెట్టు లేకుండా రాకూడదన్నారు, వాడి దగ్గర ఉండీది. ఎన్నిసార్లకి ఒక టిక్కెట్టో బోర్డు సెప్పలేదు.

గ్యాసూ అంతే. పొద్దున్న మీటరు పెట్టి సూసేరు, బాగుంది. దిగేరు, ఎక్కేరు. రెండోసారి దిగినప్పుడు మళ్లీ సూడాలని నీ వాక్యంలో ఏదీ? "ప్రతిసారీ" అన్న మాట ఉండాల. దిగిన ప్రతిసారీ, దిగే ముందర, కొత్తగా సూడాల.

ఇంకో మాట. నువ్వు మార్కులు అడుగుతున్నావు. అర్థమైందా అని అడిగితే అయిందనే అంటారు తల్లీ. కాలేదని సెప్పుకోడానికి ఎవులికి నోరొస్తాది. పైగా సిన్న వాక్యం ఎవులికైనా ముద్దొస్తాది. మార్కులు మానెయ్. ఒక సంగతి సెప్పి, "ఇందులో రూలు తప్పిందా లేదా" అని అడుగు. అప్పుడు తెలుస్తాది.

ఆ నాలుగోదానికి నానేం మార్కు వెయ్యలేను.

శ్రీరామ్మూర్తి

*

చెన్నై,
17 సెప్టెంబర్ 2023.

మావయ్యా,

మీరు చెప్పినట్టే చేశాను. అదే ఇరవై రెండు మందికి ఈ సంగతి చెప్పాను: పొద్దున్న ఎనిమిదిన్నరకి గ్యాస్ చూశారు. ఒకడు దిగాడు. టీకి పైకొచ్చాడు. మళ్లీ చూడకుండా దిగాడు. నిబంధన తప్పాడా?

నా పాత వాక్యం చదివినవాళ్లలో పందొమ్మిది మంది తప్పలేదన్నారు. ఆ వాక్యానికి ఐదుకి ఐదు వేసినవాళ్లే అలా అన్నారు. "ప్రతిసారీ" కలిపి మళ్లీ చదివిస్తే అందరూ తప్పాడన్నారు. మా లెక్కల్లో ఇవి రెండు వేరు వేరు కట్టుబాట్లు, గుర్తులు కూడా వేరు. తెలుగులో రాసేటప్పుడు రెంటినీ ఒకే వాక్యంలోకి దించేశాను. వివరణ నచ్చడం వేరు, అర్థం కావడం వేరు అని నా సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయమే రాయబోతున్నాను. దాని మీద మీ పేరు ఉంటుంది.

ఇప్పుడు రాయబోయేది ఇంకెవరికీ చెప్పలేదు.

ఆ పందొమ్మిది జవాబులు చూడగానే నాకు నాన్న గుర్తొచ్చాడు. నాన్న కూడా టీకి పైకొచ్చి మళ్లీ దిగినప్పుడే కదా పోయాడు. ఆ రోజు బోర్డు మీద "ప్రతిసారీ" అన్న మాట లేకపోతే? అప్పుడు నాన్న ఏ నిబంధనా మీరలేదు. వారం రోజులు ఆ ఆశతో తిరిగాను మావయ్యా. పడుకున్నా అదే, బస్సులో ఉన్నా అదే. విచారణ రిపోర్టు అమ్మ పెట్టెలో ఉంటే ఐజాక్ చేత ఫొటో తీయించి తెప్పించుకున్నాను.

రెండో పేజీలో బోర్డు మీది వాక్యం ఎత్తి రాశారు. "దిగిన ప్రతిసారీ ముందుగా గ్యాస్ పరీక్ష చేయకుండా ట్యాంకులోకి దిగరాదు." ఆ బోర్డు అక్కడే ఉందని సాక్ష్యం చెప్పినవాళ్లలో మీ పేరు ఉంది.

ఆ మాట ఉంది. చదువుకున్న నాన్న, చర్చిలో వాక్యం చదివే నాన్న, దాన్ని చూసి కూడా దిగాడు. కోపంగా లేదు. ఆశపడినందుకు సిగ్గుగా ఉంది. అమ్మ పదకొండేళ్లుగా ఇదే మోస్తోంది కాబోలు.

దీనా

*

కూర్మన్నపాలెం,
20 అక్టోబర్ 2023.

దీనమ్మకి,

ఉత్తరం అందింది. ఆ రిపోర్టు పక్కన పెట్టీ తల్లీ. పాత కాయితాలు సదవకు. నీ పుస్తకంలో నా పేరు వద్దు.

మీ అమ్మని ఆస్పత్రిలో సేర్చేరు. ఐజాక్ నీకు సెప్పే ఉంటాడు. నాను ఎల్లి సూస్తాను.

శ్రీరామ్మూర్తి

*

కూర్మన్నపాలెం,
14 నవంబర్ 2023.

మావయ్యా,

ఇదే ఊళ్లో ఉండి ఉత్తరం రాస్తున్నానని ఏమీ అనుకోకండి. మీ ఇంటికి రెండుసార్లు వచ్చాను. మీరు లేరని అత్త చెప్పింది. రెండోసారి గుమ్మంలో మీ చెప్పులు ఉన్నాయి.

అమ్మని మట్టి చేసి పదకొండు రోజులైంది. సమాధుల తోటలో మీరు గేటు దగ్గరే నిలబడిపోయారు. అందరూ వచ్చి మట్టి వేశారు. మీరు రాలేదు. అమ్మ మిమ్మల్ని సొంత అన్నయ్యలా చూసుకుంది. ఒక గుప్పెడు మట్టికి కూడా ఎందుకు దగ్గరికి రాలేదో నాకు అర్థం కాలేదు.

ఐజాక్ ఒక మాట చెప్పాడు. అమ్మ పోవడానికి మూడు రోజుల ముందు, మంగళవారం, మీరు ఆస్పత్రికి వచ్చారట. అమ్మ మందుల చీటీ వెనక ఏదో రాసి మీకిచ్చిందట. మీరు ఏదో చెప్పారట. తర్వాత అమ్మ గోడవైపు తిరిగి పడుకుందట. ఆ తర్వాత ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదట.

అమ్మ ఏం అడిగింది మావయ్యా? మీరు ఏం చెప్పారు? నేను గురువారం చెన్నై వెళ్తున్నాను. అక్కడికే రాయండి.

దీనా

*

కూర్మన్నపాలెం,
27 నవంబర్ 2023.

దీనమ్మకి,

నాలుగు కాయితాలు సింపేసి ఇది రాస్తన్నాను. మీ అత్తకి నిన్ననే సెప్పేను. రాయకపోతే నానే రాస్తానంది.

మీ అమ్మ ఇచ్చిన సీటీ ఇందులో పెట్టేను. అది నీది. అందులో ఏటుందో సూడు. "ఆయన చదువుకున్నోడు కదా అన్నయ్యా, అంత పెద్ద బోర్డు చూసి కూడా ఎందుకు దిగాడు?" అని ఉంది. నాను "తొందరలో దిగేడమ్మా" అన్నాను. అదీ నా జవాబు. ఇంక మూడు రోజులే బతుకుతాదని తెలిసుంటే వేరేలాగ సెప్పీవాడినా అంటే, తెలియదు తల్లీ. తెలిసినా సెప్పీవాడిని కాదేమో.

మీ నాన్న సూసిన బోర్డు మీద ప్రతిసారీ అన్న మాట లేదు.

ఆ బోర్డు నానే రాసేను. ఇంగ్లీషు కాయితంలో ప్రతిసారీ అనే ఉంది. నాను దాన్ని తెలుగు సేసినప్పుడు కూడా ఆ మాట ఉంది. పెయింటరు వాసు రేకు మీద సుద్దతో గీసుకుని, "ఈ మాట పట్టదు గురూ, అచ్చరాలు సిన్నవి సెయ్యాల, లేదా ఒక మాట తీసెయ్యాల" అన్నాడు. దూరం నుంచి కనపడాల, పెద్ద అచ్చరాలే ఉండాల అన్నాను నాను. ప్రతిసారీ తీసేసేం. "గ్యాస్ పరీక్ష చేయకుండా ట్యాంకులోకి దిగరాదు." అందరూ బాగుందన్నారు. సేఫ్టీ వారోత్సవాల్లో ఆ బోర్డుకి నాకు బహుమతి ఇచ్చేరు. మీ నాన్న భుజం తట్టి "బావా, సిన్న గుంటడికి కూడా తెలుస్తాది ఇది" అన్నాడు. నువ్వు పంపిన కాయితంలో నాలుగోది సివరి మాట తప్ప అచ్చంగా అదే వాక్యం. అది సూసిన రోజు నాను అన్నం తిన్లేదు.

ఆ రోజు పొద్దున్న ఎనిమిదిన్నరకి మీటరు పెట్టేం. బాగుంది. బావ దిగేడు. టీకి ఎక్కేడు. అప్పటికి నాకు దగ్గరగా మాటాడితే వినపడీది. పదకొండింటికి మళ్లీ దిగబోతంటే పక్కనున్న ఎల్పరు అడిగేడు, "మళ్లీ సూడక్కర్లేదా" అని. బావ బోర్డు కేసి సూసి పైకి సదివేడు. "పొద్దున్న సూసేం గదరా" అన్నాడు. అని నాకేసి సూసేడు. నాను తలూపేను.

ఇది నమ్ము తల్లీ, అబద్ధానికి తలూపలేదు. ఇంగ్లీషు కాయితంలో ఏటుందో నాకే గుర్తు లేదు. రోజూ సదివి సదివి నా బోర్డు నన్నే నమ్మించీసింది. టీకి ఎక్కిన ఆ అరగంటలో పక్క లైను వాల్వు కారి లోపల గ్యాసు నిండింది. దానికి వాసన ఉండదు. నడుముకి కట్టిన తాడు లాగితే బరువుగా వచ్చేడు.

మర్నాడు పొద్దున్నే మేనేజరు నీలకంఠంగారు ఇంగ్లీషు కాయితం పట్టుకుని వచ్చేరు. ఆ మాట మీద ఏలు పెట్టి సూపించేరు. నన్ను తిట్టలేదు. "బోర్డు పాతబడింది శ్రీరామ్మూర్తీ, కొత్తది రాయించు" అన్నారు. అంతే అన్నారు. అబద్ధం ఆడమని ఎవులూ సెప్పలేదు. వాసుని పిలిపించి పెద్ద రేకు తెప్పించేను. ఈసారి ప్రతిసారీ పట్టింది. నాలుగో రోజు విచారణ కమిటీ వచ్చి "ప్రమాదం రోజున ఉన్న బోర్డు ఇదేనా" అని అడిగేరు. ఇదేనండి అన్నాను.

ఉద్యోగం పోతాదని బయం ఉండీది. కానీ అది పెద్దది కాదు. నా రాతవల్ల బావ పోయేడని మీ అమ్మ జయశీలమ్మకి తెలిస్తే ఆ గుమ్మం ఎలాగ ఎక్కుతాను అనుకున్నాను. ఆ గుమ్మం ఎక్కడం కోసం ఆయన మీద తప్పు పెట్టేను. పదకొండేళ్లు టీ తాగేను.

నీ పరిశోదన సూసి ముందే సెప్పాల. సెప్పలేదు. ప్రతిసారీ కలుపు అని మాత్రం రాసి ఊరుకున్నాను. అది సాలుతాదనుకున్నాను.

మట్టి ఎలాగ వేస్తాను తల్లీ.

శ్రీరామ్మూర్తి

*

చెన్నై,
11 డిసెంబర్ 2023.

శ్రీరామ్మూర్తి గారికి,

మీ ఉత్తరం, అమ్మ చీటీ అందాయి.

ఏం రాయాలో తెలియక వారం పట్టింది. తిట్టి రాసినవి కొన్ని ఉన్నాయి, అవి పంపడం లేదు.

ఐజాక్‌కి పదహారేళ్లప్పుడు నాన్న పోయాడు. వాడు సైకిల్ కింద పడినా, గ్లాసు పగలగొట్టినా, "మీ నాన్నలాగా చూసుకోకుండా చెయ్యకు" అనేవాళ్లు. అమ్మ కూడా అనేది. వాడు ఇప్పటికీ గ్యాస్ స్టవ్ ఆపానా లేదా అని మూడుసార్లు చూసుకుంటాడు. నాన్న జ్ఞాపకార్థ కూడికలో సాక్ష్యంగా నాలుగు మాటలు చెప్పమంటే అమ్మ ఒక్క ఏడాదీ లేచి నిలబడలేదు. ఏం చెప్పాలి, తొందరపడి పోయాడని చెప్పాలా అనేది.

బోర్డు మీద మాట వదిలెయ్యడం పొరపాటు. అదే పొరపాటు నేనూ చేశాను, ఇరవై రెండు మందితో మార్కులు కూడా వేయించుకున్నాను. దానికి మిమ్మల్ని ఏమీ అనలేను. తర్వాత మీరు చేసింది పొరపాటు కాదు.

నాకు రెండు కావాలి. మీరు నాకు రాసింది కంపెనీకి కూడా సంతకం పెట్టి రాసివ్వాలి. ఐజాక్‌కి మీరే చెప్పాలి. నా ద్వారా కాదు, అత్త ద్వారా కాదు.

దీనా

*

కూర్మన్నపాలెం,
19 జనవరి 2024.

దీనమ్మకి,

రెండూ అయ్యేయి.

కంపెనీ సేతులు మారింది. ఇప్పుడున్న మేనేజరు సాయిశంకర్ అని కుర్రాడు. నాను ఇచ్చిన కాయితం రెండుసార్లు సదివేడు. ఎదురుగా కంప్యూటర్లో టైపు సేసి నాకు సూపించేడు: "ఇప్పుడెందుకు సార్? ఆ విచారణ మూసేశారు, మీరు రిటైరయ్యారు." నాను రాసిచ్చింది ఫైల్లో పెట్టు బాబూ, ఎవులూ సదవకపోయినా పెట్టు అన్నాను. రెండు వారాలకి జవాబు వచ్చింది. విచారణ మళ్లీ తెరవలేమనీ, నా వాంగ్మూలాన్ని పాత రిపోర్టుతో కలిపి ఉంచేమనీ, ఇకమీదట ఆ రిపోర్టు ఎవులడిగినా రెండూ కలిపే ఇస్తామనీ ఉంది. కాపీ పంపుతున్నాను. ఇంతకన్నా రాదు తల్లీ. అడిగి సూసేను.

ఐజాక్ దగ్గరికి ఎల్లడానికి ఎనకాడేను. వాడే వచ్చేడు, నువ్వు ఏటో సెప్పేవేమో. కుర్చీలో కూకున్నాడు. అంతా సెప్పేను. మీ అత్త మంచినీళ్లు తెస్తే వాడు ముట్టుకోలేదు. మా గోడ మీద నానూ బావా కలిసి దిగిన ఫొటో ఉంది గదా, లేచి అది దించేడు. గుడ్డతో దుమ్ము తుడిచి సంకలో పెట్టుకుని ఎల్లిపోయేడు. గోడ మీద తెల్లగా మచ్చ మిగిలింది. మీ అత్త కేలెండరు తగిలిస్తానంది. వద్దన్నాను.

సర్చిలో వచ్చే నెల మీ అమ్మని తలుసుకోడానికి ఆదరణ కూడిక ఉందని పాస్టరుగారు సెప్పేరు. నన్ను రానిస్తే అందరి ముందరా సెప్తాను. బావ తప్పు సేసేడని ఆ సర్చిలో వాళ్లందరూ నమ్మింది నా సాక్ష్యం వల్లే. మీరిద్దరూ వద్దంటే రాను.

శ్రీరామ్మూర్తి

*

కూర్మన్నపాలెం,
12 ఫిబ్రవరి 2024.

శ్రీరామ్మూర్తి గారికి,

నిన్న కూడికలో మీరు నిలబడి చెప్పినంతసేపూ నేను మూడో వరసలో ఉన్నాను. మీరు గట్టిగా మాట్లాడారు, మీ గొంతు మీకే తెలియదు కాబట్టి ఇంకా గట్టిగా. ఒక్క ముక్క దాచలేదు. తలూపిన సంగతి కూడా చెప్పారు.

తర్వాత వాళ్లు అన్నది మీకు వినపడలేదని నాకు తెలుసు. మీరు అందరి మొహాలూ చూస్తూ కాసేపు నిలబడి, వెళ్లిపోయారు. ఏం అన్నారో మీకు తెలియాలి. అందుకే రాస్తున్నాను.

వెనక నుంచి ఒకాయన, ఇలాంటోణ్ణి లోపలికి ఎందుకు రానిచ్చారు అన్నాడు. పాస్టరుగారు ఆయన్ని కూర్చోమన్నారు. నాన్నతో ఒకే షిఫ్టులో చేసిన విజయరత్నం గారు లేచి, "ఆ బోర్డు మార్చిన సంగతి నాకు తెలుసు, నేను కూడా చెప్పలేదు" అని ఏడ్చేశారు. మీరు ఒక్కరే కాదని మీకు ఊరట కలుగుతుందని రాయడం లేదు. ఆయన అన్నారు కాబట్టి రాశాను. నారాయణమ్మ గారు చర్చిలో అమ్మతో ముప్పై ఏళ్లు పక్కపక్కన కూర్చున్న మనిషి. ఆవిడ మీ గురించి ఏమీ అనలేదు. "జయశీల లేదు కదా" అని ఒక్క మాట అంది, అంతే.

క్షమించాను అని మీకు రాయాలని పొద్దుటినుంచి కూర్చున్నాను. మా ఇంట్లో ఆ మాట చిన్నప్పటినుంచి రోజూ నేర్పారు, ప్రార్థనలో రోజూ అన్నాను. చేతికి రావడం లేదు. అమ్మ గోడవైపు తిరిగి పడుకున్నది తలుచుకుంటే ఆగిపోతోంది. వచ్చిన రోజు నేనే మీ గుమ్మానికి వస్తాను. రాకపోతే రాలేదని మీకు తెలుస్తూనే ఉంటుంది. ఈలోగా అత్తని మాత్రం చర్చి దగ్గర చూసి ఎప్పటిలాగే పలకరించాను, ఇందులో ఆవిడ తప్పేముంది.

ఐజాక్ గురించి రాయాలి. నిన్న సాయంత్రం వాడి కూతురు అక్సా, ఐదేళ్లది, మీ ఇంటినుంచి తెచ్చిన ఫొటో ముందు నిలబడి అడిగింది, "తాతయ్య ఎలా చనిపోయాడు నాన్నా?" అని. అది ఇంతకుముందూ అడిగింది. అడిగినప్పుడల్లా వాడు మాట మార్చేవాడు, లేదా "నీకెందుకు, ఆడుకో" అని కసిరేవాడు.

నిన్న వాడు దాన్ని ఎత్తుకున్నాడు. "పనికెళ్లి సనిపోయేడమ్మా" అన్నాడు. ఫొటో వైపు తిరిగి, "పని సరిగ్గానే సేసేడు" అన్నాడు.

దీనా